తొమ్మిదో ప్రశ్న

చిరంజీవి పిచ్చుకకు నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అమ్మ, నేను క్షేమం. అక్కడ నువ్వూ, నువ్వు కట్టే వంతెనా క్షేమమని తలుస్తాం. వంతెనని కూడా కలపమన్నది మీ అమ్మే. నా పక్కనే చక్రాల కుర్చీలో కూర్చుని ప్రతి అక్షరం చూస్తోంది. ముప్పై ఏళ్లు లెక్కల టీచరుగా పిల్లల రాతలు దిద్దిన కళ్లు కదా, నా దస్తూరీ కోడి కెలికినట్టుందని ఇప్పటికే రెండుసార్లు అంది.

నీ ఉత్తరం పోయిన మంగళవారం అందింది. నువ్వు అడిగినవాటిలో తేలికవి ముందు చెబుతాను. గుమ్మం దగ్గర మెట్టు తీయించి వాలుగా చేయించాను. ఇప్పుడు కుర్చీ ఒక్క తోపుతో లోపలికి వస్తుంది, చెయ్యి వదిలితే అంతే వేగంగా వీధిలోకి పోతుంది. నా బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. వేసుకున్నానో లేదో గుర్తులేక మీ అమ్మని అడుగుతాను, ఆవిడ చెబుతుంది. ఆవిడ బాగానే తింటోంది, అన్నీ మెత్తగా చేసి పెడుతున్నాం. అమ్మ ఫోన్లో ఎందుకు మాట్లాడటం లేదని మళ్లీ అడిగావు. ఇక్కడ సిగ్నలు సరిగా ఉండటం లేదు. నేను వారం రోజులుగా సెలవులో ఉన్నాను, ఇంటిపట్టునే ఉంటున్నాను. మీ అమ్మ బరువు కూడా తగ్గలేదు. ఈ ఆఖరి వాక్యం ఆవిడ చెప్పింది, నేను రాశాను.

ఆయా వచ్చి మీ అమ్మని స్నానానికి తీసుకెళ్లింది. ముప్పావుగంట పడుతుంది.

పిచ్చుకా, పైదంతా మీ అమ్మ రాయించిందనుకో. ఇక్కడి నుంచి నాది. వారంగా కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాను. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎందుకు లేచానో తెలియదు. ఈ ఉత్తరం కూడా మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఆయా చెత్తబుట్ట చూసి, "ఏంటయ్యగారూ, పరీక్షలా?" అని నవ్వింది.

"నాన్నా, పేపర్లో చూశాను. నయం కాని జబ్బుతో ఉన్నవాళ్లు కోరుకుంటే చనిపోవడానికి డాక్టరు సాయం చేయొచ్చా అని మీ ఆఫీసు ఇంటింటికీ తిరిగి అడుగుతోందట కదా. జనం ఏమంటున్నారు? నువ్వేమంటావు?" అని రాశావు. మొదటిదానికి జవాబు చెప్పగలను. రెండోదానికి ఈ వారం దాకా నా దగ్గర జవాబు లేదు. ఉందేమో, నేను చూడలేదు.

మా పద్ధతి నీకు తెలియనిది కాదు. ఇరవై ఆరేళ్లుగా తలుపులు కొట్టి అభిప్రాయాలు రాసుకురావడమే నా బతుకు. సబ్బుల గురించి అడిగాను, బస్సుల గురించి అడిగాను, కుళాయి నీళ్ల గురించి అడిగాను. ఏది అడిగినా ప్రశ్న ఎలా ఉంటే అలా చదవాలి, ఒక్క మాట అటూ ఇటూ కాకూడదు. చదివాక మనిషి మొహంలోకి చూడకూడదు, కాగితం వైపే చూడాలి. మన కళ్లలో ఏం కనబడితే వాళ్లు అదే చెబుతారు. మనసులో అయిదు దాకా లెక్కపెట్టాలి. అప్పటికీ మాట్లాడకపోతే, "తప్పొప్పులు లేవండీ, మీకేమనిపిస్తే అది చెప్పండి" అనాలి. మళ్లీ అయిదు. అప్పుడు కూడా నోరు విప్పకపోతేనే మూడో గడిలో, "చెప్పలేను" దగ్గర గుర్తు పెట్టాలి. మన అభిప్రాయం మాత్రం చచ్చినా బయటపెట్టకూడదు. కొత్తగా చేరేవాళ్లకి ఇదంతా నేర్పేది నేనే. చిన్నప్పుడు నువ్వు "నాన్నా, ఈ గౌను బాగుందా?" అని అడిగితే "నీకేమనిపిస్తోంది?" అనేవాణ్ణని ఇప్పటికీ దెప్పుతావు కదా, ఆ రోగం అక్కణ్ణుంచి వచ్చిందే.

ఈసారి ఫారంలో పన్నెండు ప్రశ్నలు. మొదటి ఎనిమిదీ వయసు, చదువు, ఆస్పత్రి ఎంత దూరం లాంటివి. తొమ్మిదోదే అసలుది. "నయం కాని జబ్బుతో ఉండి, కొద్దికాలమే బతికే మనిషి తానే కోరుకుంటే, ప్రాణం విడవడానికి డాక్టరు సాయం చేయడాన్ని చట్టం అనుమతించాలా?" అనుమతించాలి, అనుమతించకూడదు, చెప్పలేను. మూడు గడులు.

సబ్బుల గురించి అడిగినప్పుడు గుమ్మంలోనే నిలబెట్టి పంపేసే జనం, ఈ ప్రశ్నకి లోపలికి పిలిచి కుర్చీ వేశారు. గడియారాలు బాగుచేసే ఆయన కంటికి పెట్టుకున్న అద్దం కూడా తీయకుండా, "కూడదు. ఇవాళ అడిగితే ఇస్తామంటారు. రేపు ఎందుకడగవూ అంటారు. మా అన్నయ్య మంచాన పడితే వదిన విసుక్కోలేదు, పిల్లలు విసుక్కోలేదు, అయినా అందరికీ బరువైపోయానని వాడే కుమిలిపోయాడు. అలాంటివాడి చేతికి ఈ కాగితం ఇస్తారా?" అన్నాడు. బస్సు డ్రైవరు ఒకడు, "మా అమ్మకైతే వద్దు, నాకైతే కావాలి. రెండు గడుల్లోనూ పెట్టేయండి సార్" అన్నాడు. ఒక పెద్దావిడ నామీద చెయ్యెత్తినంత పని చేసింది. "ముందు నొప్పి తగ్గే మందు పేదవాళ్లకి అందేలా చెయ్యమనండి, ఆ తర్వాత ఇది అడుగుదురుగాని" అంది. ఒక నర్సు తలుపు మూసి, గొంతు తగ్గించి "అనుమతించాలి" అంది. నేను మెట్లు దిగుతుంటే వెనకాలే వచ్చి "మార్చండి, కూడదని రాయండి" అంది. గేటు దాటుతుంటే పైనుంచి కేకేసింది, "మొదటిదే ఉంచండీ!" అని. నేను మొదటిదే ఉంచాను, రూలు కూడా అదే.

ఇలా రెండు వారాలు అందరి మాటా మోసుకొచ్చాను. ఏ ఇంట్లోనూ నా మొహంలో ఏమీ కనబడనివ్వలేదు. ఆ సంగతి మా సూపర్వైజరు మీటింగులో మెచ్చుకున్నాడు కూడా.

మీ అమ్మ స్నానం అయిపోయింది. పిలుస్తోంది. మళ్లీ రాస్తాను.

మధ్యాహ్నం కాళ్లకి వ్యాయామం చేయించే అమ్మాయి వచ్చింది. ఆ గది తలుపు వేసుకున్నారు. వంటింట్లో నిలబడి రాస్తున్నాను, కూర్చుంటే చెయ్యి ఆగిపోతోంది.

ప్రతి వీధిలో ఎనిమిదో తలుపు మాది. ఆ ఇంట్లో ఎవరి పుట్టినరోజు ముందొస్తే వాళ్లని అడగాలి. మూడు వారాల కిందట మన వీధి నా వంతుకొచ్చింది. మూల మీద మందుల దుకాణం నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే ఎనిమిదో తలుపు మనది. పుట్టినరోజు మీ అమ్మది. సొంతవాళ్ల ఇల్లు తగిలితే ఆ ఫారం ఇంకొకరికి అప్పగించాలి, అదీ రూలే. నాతో తిరిగే పొడుగాయన ప్రశ్నలన్నీ బస్సు స్టాపుల పేర్లు చదివినట్టు గడగడా చదువుతాడు. అతను వచ్చి మీ అమ్మ ఎదురుగా కూర్చుని తొమ్మిదో ప్రశ్న చదవడం నేను ఊహించుకోలేకపోయాను. ఇంట్లోకి వచ్చి, "మనింటిని వదిలేసి పక్కింటికి పోతాను, ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

"నాకు తెలుస్తుంది. నా వంతు వచ్చింది, నన్నే అడగండి. బయటికెళ్లి తలుపు కొట్టి రండి, అందరిళ్లకీ వెళ్లినట్టే" అంది మీ అమ్మ.

నా ఇంటి తలుపు నేనే కొట్టాను పిచ్చుకా. ఆయా తీసింది, నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. "నమస్కారమండీ, సర్వే ఆఫీసు నుంచి వచ్చానండీ, మీతో ఓ పావుగంట మాట్లాడొచ్చా అండీ?" అన్నాను. మీ అమ్మ కళ్లు మెరిశాయి. "ముప్పై నాలుగేళ్ల కాపురంలో నన్ను అండీ అనడం ఇవాళే. పావుగంటేం ఖర్మ, సాయంత్రం దాకా ఉండండి" అంది. ఎనిమిది ప్రశ్నలూ నవ్వుతూనే గడిచాయి. చదువు దగ్గర "లెక్కల్లో మొదటి తరగతి, అది స్పష్టంగా రాయండి" అంది.

తొమ్మిదోది చదివాను. కాగితం వైపే చూస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టాను. రెండు దాకా వచ్చానో లేదో, "అనుమతించాలి" అంది.

పదోది "ఎందుకని?" చెప్పినవారి మాటల్లోనే రాయాలి. మీ అమ్మ ఆగి ఆగి చెప్పింది. "మూడు నెలల కిందట మీరు బాత్రూం గడియ పీకేశారు. లోపల పడిపోతే ఎలాగని, నా మంచికే పీకారు. అంతకుముందు ఆ గడియ ఎన్నిసార్లు వేసుకున్నానో నాకే గుర్తులేదు, వేసుకోకుండా వెళ్లిన రోజులే ఎక్కువ. పీకేసిన రోజు నుంచీ స్నానం చేస్తున్నంతసేపూ తలుపు వైపే చూస్తున్నాను. ఈ చట్టం కూడా నాకు అంతే. వాడుకుంటానని కాదు. గడియ లోపలివైపు ఉండాలి. వేసుకోవాలో వద్దో నేను చూసుకుంటాను." తర్వాత నా వైపు తిరిగి, "రాసుకున్నారా? ఇప్పుడు మీరు చెప్పండి. మీరేమంటారు?" అని అడిగింది.

నేను కాగితం వైపు చూశాను. మనసులో అయిదు దాకా లెక్కపెట్టాను. తర్వాత నా నోట్లోంచి ఏ మాట వచ్చిందో తెలుసా? "తప్పొప్పులు లేవండీ, మీకేమనిపిస్తే అది చెప్పండి."

కావాలని అన్నది కాదు. ఇరవై ఆరేళ్ల అలవాటు నాలుక మీద కూర్చుని ఉంది. మీ అమ్మ మొహంలో నవ్వు పోయింది. "సరే, మీ ఫారం పూర్తి చేసుకోండి" అని కిటికీ వైపు తిరిగింది.

ఆ సాయంత్రం ఫారం ముందు పెట్టుకుని కూర్చున్నాను. మొదటి గడిలో గుర్తు పెట్టడానికి చెయ్యి రాలేదు. ఆ గుర్తు పెడితే మీ అమ్మని పంపించెయ్యమని నేనే సంతకం చేసినట్టు అనిపించింది. మూడో గడిలో పెట్టాను. "ఎందుకని" దగ్గర ఏమీ రాయకుండా వదిలేశాను. నా ఉద్యోగంలో నేను నింపిన మొదటి దొంగ ఫారం అది, అదీ మీ అమ్మ పేరు మీద. క్లాసులో తప్పు జవాబుకి కూడా ఎంతో కొంత వేసి, ఖాళీ వదిలినవాడికి మాత్రం సున్నా చుట్టే మనిషి ఆవిడ.

ఆ తర్వాత రోజూ పేపరు రాగానే, "ఫలితాలు వచ్చాయా? నా మాట కూడా అందులో ఉంటుందిగా" అనేది. నేను మాట మార్చేవాణ్ణి.

ప్రతి పది ఫారాల్లో ఒకటి ఆఫీసువాళ్లు ఫోను చేసి సరిచూస్తారు. వారం కిందట మనింటికి చేశారు. సిగ్నలు లేని ఇంటికి ఫోను ఎలా వచ్చిందని నువ్వడుగుతావు. దానికే వస్తున్నాను, కాస్త ఓపిక పట్టు తల్లీ.

ఫోను స్పీకర్లో పెట్టి మీ అమ్మ ముందు పెట్టాను. ఆఫీసులో నేను నేర్పిన అమ్మాయే. తొమ్మిదో ప్రశ్న పొల్లుపోకుండా చదివి ఆగింది, లోపల లెక్కపెడుతోందని నాకు తెలుస్తూనే ఉంది. మీ అమ్మ "అనుమతించాలి" అంది. ఆ అమ్మాయికి అర్థం కాలేదు. "మళ్లీ చెప్పండమ్మా" అంది. మూడుసార్లు చెప్పించుకుంది. చివరికి, "అనుమతించాలి అంటున్నారా? అప్పుడు చెప్పలేను అన్నట్టుంది. జవాబు మార్చుకున్నారా అమ్మా?" అని అడిగింది.

మీ అమ్మ నా వైపు చూసింది. నేను కాగితం కోసం వెతుక్కున్నాను, చేతిలో కాగితం లేదు, నా అరిచేతులే చూసుకుంటూ నిలబడ్డాను. అప్పుడు మీ అమ్మ ఫోను వైపు వంగి, బలమంతా కూడగట్టుకుని, "చెప్పలేను అనే అన్నాను. ఆయన రాసింది కరెక్టే" అంది.

నా ఉద్యోగం కోసం తన మాట తనే కొట్టేసుకుంది.

ఆ అమ్మాయికి అది కూడా అర్థం కాలేదు. "సరిగా వినబడటం లేదమ్మా, పక్కన ఎవరైనా ఉంటే చెప్పించండి" అంది. మీ అమ్మ కళ్లతోనే చెప్పింది, చెప్పండి, నేనన్నదే చెప్పండి అని. ఆవిడ అన్నది అన్నట్టు చెబితే చాలు, నేను గట్టెక్కుతాను. పద్ధతి కూడా అదే కదా, చెప్పినవారి మాట చెప్పినట్టు అందించడం. నేను ఫోను చేతిలోకి తీసుకున్నాను. "ఆవిడ అప్పుడూ అనుమతించాలి అన్నారు, ఇప్పుడూ అదే అంటున్నారు. రాసినవాడు తప్పు రాశాడు" అన్నాను. "ఎందుకనో కూడా చెప్పారు, రాసుకో" అని గడియ సంగతంతా ఒక్క మాట పోకుండా అప్పజెప్పాను. సగంలో ఆ అమ్మాయి "సార్... మీరా?" అంది. "నేనేనమ్మా. రాసుకో" అన్నాను.

మర్నాడు నా గుర్తింపు కార్డు తీసేసుకున్నారు. నేను సెలవులో లేను పిచ్చుకా, విచారణలో ఉన్నాను. ఉద్యోగం పోయినా నాకు దిగుల్లేదు. కానీ ఈ విడత నేను తెచ్చిన ఫారాలన్నీ పక్కన పడేశారు. గడియారాలాయన మాట, డ్రైవరు మాట, ఆ పెద్దావిడ కోపం, నర్సు మూడుసార్లు తిప్పి చెప్పిన జవాబు, అన్నీ నేను పెట్టిన ఒక్క గుర్తు వల్ల లెక్కలోంచి పోయాయి. అది తలుచుకుంటే కూర్చున్నచోట కూర్చోలేకపోతున్నాను.

ఆ రోజు ఫోను పెట్టేశాక మీ అమ్మ ఏడుస్తుందనుకున్నాను. "ఇప్పుడు మీది చెప్పండి. లెక్కపెట్టకుండా" అంది.

"నువ్వు పోతే నేనుండలేను" అన్నాను.

"అది జవాబు కాదు. అడిగినదానికి చెప్పండి."

"అనుమతించకూడదు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "గడియ ఉంటే నువ్వు వేసుకుంటావేమోనని నాకు భయం. నేను బయట నిలబడి తలుపు బాదాల్సొస్తుందని భయం. చట్టం గురించి నాకేమీ తెలియదు. నా మటుకు నేను వద్దంటాను."

మీ అమ్మ చాలాసేపు నా మొహంలోకే చూసింది. "తప్పు జవాబు. అయినా ఖాళీ వదల్లేదు. సగం మార్కులు" అంది. తర్వాత నవ్వింది, నేనూ నవ్వాను, ఆ తర్వాత ఇద్దరం ఏడ్చాం. ఆయా పొయ్యి కట్టేసి వచ్చి మమ్మల్ని చూసి తనూ మొదలుపెట్టింది.

నిన్న వడ్రంగిని పిలిచి బాత్రూం తలుపుకి లోపలివైపు గడియ పెట్టించాను. కుర్చీ ఎత్తుకి, మోచేత్తో తోసినా పడేలా. బయటనుంచి తీసే ఏర్పాటు కూడా చెయ్యనా అని అడిగాడు. మీ అమ్మని అడిగి చెబుతానన్నాను. ఇంకా అడగలేదు.

ఇక నువ్వు అడిగినవాటిలో మిగిలింది ఒక్కటే, ఫోను సంగతి. సిగ్నలుకి ఏ రోగమూ లేదు. మీ అమ్మ మాట పోతోంది. రెండు నెలల నుంచీ ముద్దముద్దగా వస్తోంది. నాకూ ఆయాకీ అలవాటైపోయి తెలుస్తుంది గానీ, ఫోన్లో కొత్తవాళ్లకి తెలియదని ఆ రోజే అర్థమైంది. "వంతెన సగంలో ఉంది, దాని పని చెడగొట్టకండి, సిగ్నలు బాగోలేదని రాయండి" అని మీ అమ్మ మొదట్లోనే ఒట్టు వేయించుకుంది. ఒట్టే కదా అని నేను రెండు ఉత్తరాల్లో అదే రాశాను, ఈ ఉత్తరం మొదట్లో కూడా రాశాను. ఆ మాట పూర్తిగా ఎప్పుడు పోతుందో డాక్టరు తేల్చి చెప్పలేదు. వర్షాల దాకా ఉండొచ్చు అన్నాడు, ఉండకపోవచ్చు అని కూడా అన్నాడు. బరువు కూడా తగ్గింది.

వ్యాయామం అమ్మాయి వెళ్లిపోయింది. ఈ కాగితాలు జేబులో దాచుకుందామని మడిచాను. మనసొప్పలేదు. తీసుకెళ్లి మీ అమ్మ ముందు పరిచాను. ఆవిడ చదువుతుంటే ఒక్కో పేజీ నేనే తిప్పాను. ఫోను సంగతి దగ్గరకి రాగానే తలెత్తి, "ఒట్టు వేశారు" అంది కోపంగా.

"ఖాళీ వదిలితే సున్నా అన్నది ఎవరు?" అన్నాను.

మీ అమ్మ కాగితాల వైపే చూస్తూ కూర్చుంది. లోపల లెక్కపెడుతోందేమో. చివరికి, "కలం తీసుకోండి. నా మాటల్లోనే రాయండి, మీది కలపకండి" అంది. ఆవిడ చెప్పింది చెప్పినట్టు కింద రాస్తున్నాను. ఇది చెప్పడానికి ఆవిడకి ఆరు నిమిషాలు పట్టింది.

"పిచ్చుకా, నీ వంతెనకి నువ్వు కాకపోతే ఇంకో ఇంజినీరు. నీకు చెప్పాల్సినవి నా దగ్గర కొన్ని ఉన్నాయి, మీ నాన్న నోటితో చెప్పించేవి కావు. ఎప్పుడొస్తావన్న చోట ఖాళీ వదలకు. తేదీ రాయి."

ఇట్లు,
నీ తిరుగు టపా కోసం గుమ్మంలోనే తచ్చాడుతూ,
మీ నాన్న
(పక్కనే అమ్మ, సరిచూసినది)